ఎవరి ముక్కు కోసం?

మనిషి తనకు నచ్చిందే ఎంచుకుంటాడా? లేక పక్కవాడికి ఇబ్బంది కలిగించనిదాన్ని ఎంచుకుని, అదే తనకు నచ్చిందని సర్దిచెప్పుకుంటాడా? ఈ ప్రశ్నను ఓటు దగ్గరో పెళ్లి దగ్గరో వేస్తే జవాబు తేలదు. అక్కడ ఇష్టంతోపాటు వంద లెక్కలు కలిసిపోయి ఉంటాయి. అందుకే చిన్న విషయం దగ్గర వేస్తున్నాను. రెండు సెంటు సీసాలున్నాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. అంతే.

రెండింటి ఖుష్బూ దాదాపు ఒకటే. మూత తీయగానే తియ్యటి పండు వాసన వస్తుంది. దాని వెనకాలే పీచుమిఠాయి లాంటి చక్కెర వాసన. అదంతా తగ్గాక అడుగున తడిమట్టినీ పాత చెక్కపెట్టెనూ గుర్తుచేసే వాసన ఒకటి నిలబడుతుంది. దాని పేరు పచౌలీ. ఒక సీసా పత్తర్‌గట్టీలో కొన్నది. చిటికెన వేలంత ఉంటుంది, చర్మానికి రాసుకునే నూనె. రెండోది ఉప్పల్‌లో కొన్న స్ప్రే. దాని మీద ఫ్రెంచిలాంటి పేరేదో ఉంది. మొదటిదాన్ని అత్తరు అంటారు, రెండోదాన్ని పర్‌ఫ్యూమ్ అంటారు. మొదటిది పూసుకుని ఆటో ఎక్కితే 'సాయిబుల వాసన' అంటారు. రెండోది కొట్టుకుని ఎక్కితే 'మంచి సెంటు, ఎక్కడ కొన్నావన్నా' అంటారు.

ఏది మనది, ఏది పరాయిది అని తేల్చాలంటే ముందు సీసాల్లో ఏముందో చూడాలి. పచౌలీ తులసి కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం పోగోస్టెమాన్ కాబ్లిన్. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా. పచౌలీ అన్న మాట మాత్రం తమిళం నుంచి వచ్చిందని నిఘంటువులు చెప్తాయి. పచ్చాకు అని దాని అర్థమని ఎక్కువమంది అంటారు. ఇవాళ ప్రపంచానికి ఈ నూనెను ఎక్కువగా పంపేది ఇండోనేషియా. ఫ్యాషన్‌గా చేసి పేరు తెచ్చింది పారిస్. ఆ మొక్క పూయడం అరుదు. ఒక మొక్క కొమ్మ తుంచి నాటితే ఇంకో మొక్క అవుతుంది. అలా కొమ్మ వెంట కొమ్మగా దేశాలు దాటింది. ఆకులు నీడన ఎండి, మాగిన తర్వాతే ఆవిరి పట్టి నూనె తీస్తారు. ఆ నూనె కూడా నిల్వ ఉన్నకొద్దీ మెత్తబడి బాగుపడుతుంది.

ఇలాంటి సుగంధ మొక్కల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీమ్యాప్. దాని పరిశోధనా కేంద్రం ఒకటి ఉప్పల్ దాటగానే బోడుప్పల్‌లో ఉంది. అదే దారిలో వెనక్కి వస్తే హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ. అక్కడి శాస్త్రవేత్తలు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఈ దేశంలోని జనసమూహాల్లో అత్యధికం రెండు ప్రాచీన జనాభాల కలయికేనని, పాళ్లలోనే తేడా అని అందులో తేల్చారు. మొక్కనైనా మనిషినైనా 'అసలు నువ్వెక్కణ్ణించి వచ్చావ్' అని అడగొచ్చు. లాబొరేటరీలో అడిగితే జ్ఞానం పెరుగుతుంది. అదే ప్రశ్న టులెట్ బోర్డు కింద నిలబెట్టి అడిగితే మనిషికి గొంతు తడారిపోతుంది.

ఇక ఆ తీపి సంగతి. పీచ్ పండు వాసనకు పండుతో పనిలేదు. 1908 నుంచి కెమిస్టులకు తెలిసిన గామా అండెకలాక్టోన్ అనే పదార్థం చాలు. పీచుమిఠాయి వాసనకు ఈథైల్ మాల్టాల్ ఉంది. ఆ తీపిని పచౌలీతో గట్టిగా కలిపి ఫ్రాన్స్‌లో 1992లో 'ఏంజెల్' అనే సెంటు తెచ్చారు. 2001లో 'కోకో మద్మోజెల్' వచ్చింది. తీపీ, పండూ, పచౌలీ కలిసిన వరస అప్పట్నించీ లోకమంతా పాకింది. 1992 అనగానే మా ఇళ్లలో గుర్తొచ్చేది మాత్రం సెంటు కాదు, డిసెంబర్ 6. బాబ్రీ మసీదు కూలిన తర్వాత ఈ దేశంలో మమ్మల్ని పేరు అడిగే గొంతే మారిపోయింది.

ఆ ఫ్రెంచి వరసే ఇవాళ అత్తరు కొట్లలోకి తిరిగొచ్చింది. 'ఫలానా సెంటు టైపు ఇవ్వు భాయ్' అంటే నూనె రూపంలో ఇస్తాడు. కన్నౌజ్‌లో రాగి డేగుల్లో పూలు ఉడికించి ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టే పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. కానీ చందనం ధరకి చౌక సీసాల్లో చందనం ఎక్కడిది? వేరే ద్రావకాలు పోస్తారు. కాబట్టి నా అత్తరులో ఫ్రాన్స్ ఉంది. నా ఫ్రెంచి స్ప్రేలో తమిళ పేరున్న ఆకు ఉంది. సీసా లోపల సరిహద్దు గీయడం ఎవరి వల్లా కాదు. గీతంతా సీసా బయటే ఉంది.

ఆ గీత ఎలా పడుతుందో చెప్పే చరిత్ర కూడా ఈ ఆకుకే ఉంది. 19వ శతాబ్దంలో కశ్మీరు శాలువాలు యూరప్‌కు వెళ్లేవి. దారిలో పురుగు కొట్టకుండా మడతల మధ్య పచౌలీ ఆకులు పెట్టేవాళ్లు. ఆ వాసన శాలువాకు పట్టేది. అక్కడి ఆడవాళ్లు శాలువా కొనేముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూడడం మొదలుపెట్టారు. ఆ వాసన ఉంటే అసలుది, లేకపోతే నకిలీ. ఫ్రెంచి నేతదారులు నేత అచ్చం కశ్మీరులాగే దించారు గానీ వాసన దగ్గర దొరికిపోయేవాళ్లు. చివరికి గుట్టు తెలుసుకున్నారు. పచౌలీ ఆకులు తెప్పించుకుని తమ శాలువాలకు ఆ వాసన పట్టించి అమ్మేశారు. కొన్నవాళ్లు మురిసిపోయారు.

నాకు ఈ కథలో నేతదారుల మోసం మీద పెద్ద కోపం రాదు. కొనేవాళ్ల పద్ధతి చూస్తేనే భయం వేస్తుంది. శాలువా ఏమిటో తెలుసుకోవాలంటే ఊలు చూడాలి, దారం చూడాలి, అల్లిక తిరగేసి చూడాలి. అంత ఓపిక లేక వాసన అడిగారు. అడిగిందే దొరికింది. వాసనను రుజువుగా అడిగే లోకంలో ఎదుటివాడు వాసన తయారుచేయడం నేర్చుకుంటాడు. నిజమైన శాలువాకి మాత్రం దారిలో ఏ కారణంచేతనో ఆ వాసన పోయిందా, అది నకిలీ కిందే లెక్క!

ముస్లింల సంగతి ఈ దేశంలో ఇంచుమించు ఇదే. మా నుంచి ఎప్పుడూ ఏదో ఒక వాసన అడుగుతుంటారు. క్రికెట్ మ్యాచ్ రోజున ఒక వాసన. ఆగస్టు 15న ఒక వాసన. ఎక్కడో బాంబు పేలిన మర్నాడు ఇంకో వాసన. మనిషి ఎలా బతుకుతున్నాడు, పక్కింటికి ఆపద వస్తే తలుపు తీస్తాడా లేదా, తీసుకున్న అప్పు తీరుస్తాడా లేదా అని చూసే తీరిక ఎవరికీ లేదు.

ఇదేదో మా అనుమానం అనుకోవద్దు. 2006లో పార్లమెంటు ముందుకొచ్చిన జస్టిస్ సచార్ కమిటీ నివేదిక చెప్పింది. గడ్డం, టోపీ, బురఖా లాంటి గుర్తులు కనపడితే ముస్లింలకు బయట ఎలాంటి చూపులు ఎదురవుతాయో, అద్దె ఇల్లు దొరకడానికి ఎంత కష్టపడాలో అందులో రాశారు. ఆ జాబితాలో అత్తరు లేదు. కానీ ముక్కు కూడా కంటి పనే చేస్తుందని ఉప్పల్, నాచారం మధ్య ఇల్లు వెతికినవాళ్లకు తెలుసు.

నేనూ వెతికాను. ఫోన్లో నా తెలుగు విని ఒక ఇంటాయన 'రండి సార్, చూస్కోండి' అన్నాడు. నాచారం ఈఎస్ఐ ఆస్పత్రికి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. శుక్రవారం కావడంతో నమాజు అయ్యాక అటే వెళ్లాను, ఒంటిమీద అత్తరు ఉంది. గేటు దగ్గరే ఆయన ఒక క్షణం ఆగాడు. 'సార్, మీరు ముస్లిమ్సా?' అన్నాడు. 'అవునండీ' అన్నాను. 'మాకేం లేదు సార్. పైన ఉండేటోళ్లు ఒప్పుకోరు. నీసు వాసన పడదు వాళ్లకి.' నేను ఇంకా లోపలికి అడుగే పెట్టలేదు. వండనే లేదు. నీసు వాసన మాత్రం అప్పుడే వచ్చేసింది!

ఇంకో ఇంటికి వెళ్లిన రోజున స్ప్రే కొట్టుకున్నాను. ఆ ఇంటావిడ కూర్చోబెట్టింది, చాయ్ ఇచ్చింది. నల్లా నీళ్లు ఏ టైముకొస్తాయో, బండి ఎక్కడ పెట్టుకోవాలో అన్నీ చెప్పింది. అడ్వాన్సు కూడా కుదిరింది. అగ్రిమెంటు కాగితం మీద రాయడానికి పేరు అడిగారు. చెప్పాను. 'ఆయనొచ్చినంక అడిగి చెప్తా అన్నా' అంది. చెప్పలేదు. సెంటుల్లో పైన తేలే పండు వాసన ఎక్కువసేపు ఉండదు. దాని అణువులు తేలిక, త్వరగా ఎగిరిపోతాయి. పచౌలీ అణువులు బరువు, గంటల తరబడి ఉంటాయి. ఆ ఇంట్లో నాకు దొరికిన మర్యాద సరిగ్గా పండు వాసన ఉన్నంతసేపే ఉంది.

ఇక్కడ రెండు వైపుల నుంచి నాకు సలహాలొస్తాయి. లౌకికవాద మిత్రుడు ఒకరంటారు, 'ఇంత చిన్నదానికి రాద్ధాంతం ఎందుకు? స్ప్రేనే కొట్టుకో. మతం ఇంట్లో పెట్టుకో.' నిజమే అనిపిస్తుంది. కానీ ఆటోవాలా అద్దం ముందు వెలిగించిన అగరుబత్తి, ఆఫీసులో ఆయుధపూజనాటి కర్పూరం, మంగళవారం కిరాణా కొట్లో సాంబ్రాణి – ఇవేవీ ఇంట్లో పెట్టుకొమ్మని ఎవరూ అనరు. అనకూడదు కూడా. ఆ వాసనల మధ్యే నేను పెరిగాను. అవి నాకు కడుపు నిండిన వాసనలే. నా ప్రశ్న ఒకటే. కర్పూరం సంస్కృతి అయినప్పుడు అత్తరు మతం ఎలా అయింది? తెలుగు పెళ్లిలో అత్తరూ పన్నీరూ చల్లుతారు. అరబ్బీ 'ఇత్ర్' చివర ఉకారం తగిలించుకుని ఎప్పుడో అచ్చ తెలుగు మాట అయిపోయింది. మాటకి దొరికిన ఇల్లు మనిషికి ఎందుకు దొరకదు?

రెండో సలహా మా పెద్దల నుంచి. 'బేటా, అత్తరు సున్నత్. స్ప్రేలో ఆల్కహాల్ ఉంటది, వద్దు.' ఖుష్బూ ఇస్తే కాదనకూడదని హదీసు ఉంది. జుమాకు గుస్ల్ చేసి ఖుష్బూ పూసుకు రమ్మనీ ఉంది. అంతవరకు ఎవరికీ తగాదా లేదు. ఆల్కహాల్ దగ్గర మాత్రం ఉలేమాలోనే రెండు మాటలున్నాయి. ద్రాక్ష నుంచి, ఖర్జూరం నుంచి తీయని ఆల్కహాల్ అయితే పైపూతగా వాడొచ్చని హనఫీ ఉలేమాలో చాలామంది అంటారు. వద్దనేవాళ్లూ ఉన్నారు. అంటే ఇది వాళ్లు కూర్చుని మాట్లాడుకుంటున్న విషయం. ఆ చర్చని మూసేసి 'అత్తరు పూసుకున్నవాడే అసలు ముస్లిం' అంటే, అదీ శాలువాను వాసన చూసి కొనడమే. ఇక ఆడపిల్లల సంగతి. మగవాడు రెండు సీసాల మధ్య తేల్చుకోవచ్చు. ఆమెకు మాత్రం బయటికి వెళ్లేటప్పుడు రెండూ వద్దంటారు. ఎంచుకునే హక్కు గురించి రాస్తూ ఆమెని వదిలేస్తే ఈ వ్యాసం సగమే అవుతుంది. కాలేజీకో ఉద్యోగానికో మెట్రో ఎక్కే మా పిల్లలకు బయట ఒక ముక్కు, ఇంట్లో ఇంకో ముక్కు. రెండూ కాపలా ముక్కులే.

'అత్తరు మన నవాబీ తహజీబ్' అని గర్వపడేవాళ్లకు ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వెనకబడిన ముస్లిం కులాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఆ జాబితాలోని 14 సమూహాల్లో ఒకటి అత్తరు సాయిబులు, అత్తరోళ్లు. అత్తరు అమ్మి పొట్టపోసుకున్న జనం. నవాబు చెవిలో పెట్టుకున్న అత్తరు దూది సంగతి కూడా అంతే. దూది ఏకి బతికిన దూదేకుల వాళ్లకు ఉర్దూ సరిగ్గా రాదని, వాళ్లు పూర్తి ముస్లింలు కాదని మనలోనే వెక్కిరించేవాళ్లున్నారు. ఖుష్బూ మీద హక్కు నవాబుది, దాన్ని మోసిన వీపు వెనకబడిన కులానిది. అత్తరుని అస్తిత్వపు జెండాగా ఎత్తేముందు ఆ జెండా ఎవరి భుజం మీద ఉందో చూసుకోవాలి.

ఇప్పుడు అసలు నైతిక ప్రశ్నకొస్తాను. ఇల్లు చూడ్డానికి వెళ్తూ స్ప్రే కొట్టుకోవడం మోసమా? మునాఫికత్తా? కాదంటాను. వాసన ఒక వాఙ్మూలం కాదు. నేను ఏ అబద్ధమూ చెప్పలేదు. పేరు అడిగితే పేరు చెప్పాను. ఒకడి వాసన బట్టి వాడి నడవడిని తేల్చే హక్కు ఇంటి యజమానికి లేదు కాబట్టి, ఆ తప్పుడు కొలతకి సరుకు అందించాల్సిన బాధ్యత నాకూ లేదు. దాచుకోవలసిన అవసరాన్ని ఎవరు పుట్టించారో తప్పు వాళ్లది. పిల్లల్ని వెంటేసుకుని ఇల్లు వెతుకుతున్న మనిషిని పట్టుకుని 'ధైర్యంగా అత్తరు పూసుకు వెళ్లలేవా?' అని దెప్పడం, కడుపు నిండినవాడు ఉపవాసం గురించి ఉపన్యాసం ఇవ్వడం లాంటిది.

అయితే నష్టం లేదా? ఉంది. అది పరువు నష్టం కాదు, ఇష్టం నష్టం. నెలల తరబడి 'ఇవాళ ఎవరిని కలుస్తాను' అన్న లెక్క మీదే సీసా తీస్తుంటే, చివరికి నాకు ఏది బాగుంటుందో నాకే తెలియకుండా పోతుంది. నాలుక రుచి మరిచినట్టు ముక్కు తన మాట మరిచిపోతుంది. మొండికేసి అత్తరే పూసుకుంటే ఇది తీరుతుందా? తీరదు. 'వాళ్లకు కంపరం కాబట్టి ఇదే పూసుకుంటా' అన్నప్పుడు కూడా ఎంచుకుంటున్నది వాళ్ల ముక్కే. దాక్కున్నవాడూ ఎదిరించేవాడూ ఇద్దరూ ఎదుటివాడి ముఖం చూస్తూనే సీసా మూత తీస్తున్నారు. అవమానించినవాడి ముందు జిద్దుగా నిలబడాల్సిన రోజులుంటాయి. ఆ రోజున అత్తరు పూసుకోవడం గొప్ప పనే. కానీ అది పోరాటం. దాన్ని ఇష్టం అని పిలవకూడదు. రోజూ పోరాటమే అయితే, ఇష్టపడ్డానికి రోజు ఏది?

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు తెలుగులో ముస్లిం తన గురించి తాను మాట్లాడటం ఒక కొత్త సంగతి. పుట్టుమచ్చ ఎవరూ ఎంచుకునేది కాదు. సెంటు ఎంచుకునేది. నా తరానికి వచ్చిన చిక్కు ఏమిటంటే, మేం ఎంచుకున్నదాన్ని కూడా పుట్టుమచ్చలాగే చదువుతున్నారు. పాట, కూర, చొక్కా, సెంటు – ఏది తీసుకున్నా అది నా మతం చెప్పిన మాటే అనుకుంటారు. నాకు తియ్యటి పండు వాసన నచ్చిందంటే నచ్చింది, అంతే. దానికి వెనకాల ఏ కుట్రా లేదు, ఏ ఖిలాఫతూ లేదు. ఈ మామూలుతనమే మాకు దొరకనిది. మైనారిటీ అంటే సంఖ్య తక్కువ కావడం మాత్రమే కాదు. మామూలుగా ఉండే వీలు తక్కువ కావడం.

అందుకని ఒక సెలవురోజున, ఎవరినీ కలిసే పని లేనప్పుడు, రెండు మణికట్లకూ రెండూ రాసి చూశాను. మొదటి పావుగంట రెండూ రెండు దారులు. నూనెలో పండు గట్టిగా, కాస్త ముగ్గిపోయినట్టు ఉంది. స్ప్రేలో పల్చగా ఉంది. రెండు గంటలకు చక్కెర మిగిలింది. సాయంత్రానికి రెండు చేతుల మీదా ఉన్నది పచౌలీ ఒక్కటే. ఏ చేయి ఏదో చెప్పడం నాకే కష్టమైంది. నాకు స్ప్రేనే నచ్చింది. ఆ పండు ముగ్గిపోలేదు, ఉప్పల్ ఎండలో షేర్ ఆటోలో తల పట్టదు. అంతకు మించి కారణం లేదు. అత్తరుని అవతల పడేయలేదు, చలికాలానికి దాచాను. దాని బరువు చలికి బాగుంటుంది.

మా వాళ్లు దీన్ని లొంగిపోవడం అనొచ్చు. మిత్రులు 'చూశావా, చివరికి ప్రధాన స్రవంతిలోకొచ్చావ్' అని సంతోషించొచ్చు. ఇద్దరికీ ఒకటే జవాబు. నేను ఎంచుకున్నది సీసాని. మిమ్మల్ని కాదు.

కానీ ఈ జవాబు చెప్పుకునే తీరిక నాకు ఒక సెలవురోజున దొరికింది. ఇల్లు వెతికే రోజున దొరకలేదు. ఎంచుకునే స్వేచ్ఛ అంటే రెండు సీసాలు బల్లమీద ఉండడం కాదు. రెండింటిలో ఏది తీసినా చెల్లించాల్సిన ధర ఒకటే కావడం. ఇవాళ ఒక సీసాకి డబ్బు ఇస్తే చాలు. రెండో సీసాకి డబ్బుతోపాటు ఇల్లు కూడా ఇచ్చుకోవాలి. ఈ తేడాని సెంటు కొట్టుకునేవాడు సరిచేయలేడు. నాచారంలోనో ఉప్పల్‌లోనో గేటు దగ్గర నిలబడి గాలి పీల్చేవాళ్లు సరిచేయాలి. వాళ్లను అడిగేది పెద్ద త్యాగమేమీ కాదు. వాసన చూడటం ఆపి, శాలువా తిరగేసి చూడమని.